మన్యపు తీర్పు, మైదానపు వకీలు

వివాహబంధము తెగుట ఇంగ్లీషు చదువుతో మన యిండ్లకు వచ్చిన అనర్థమని పలువురు గృహస్థులు నేటికిని తలంచుచున్నారు. చరిత్ర దీని నంగీకరింపదు. పాలకొండకు ఎగువనున్న సీతంపేట కొండలలో సవరలును జాతాపులును విడాకులను తరతరములుగా నెఱుగుదురు. వారికి క్రొత్తగా వచ్చినవాడు వకీలు. అతడు ఎందుకు కావలసివచ్చెనో, అతనిని ఎట్లు వినియోగించుకొనవలెనో విచారింతము.

1909లో థర్‌స్టను ప్రకటించిన దక్షిణదేశపు కులముల, తెగల సంపుటములలో సవరలను గూర్చిన భాగమొకటి గలదు. భార్య తన కిష్టమైనపుడు భర్తను విడిచి వేఱొకనితో కాపురముండవచ్చుననియు, భర్త ఆమెను ఆపజాలడనియు, క్రొత్తవాడు పాతవానికి ఒక దున్నను, ఒక పందిని ఇచ్చుకొనవలెననియు అందు వ్రాయబడినది. ఈ యాచారమును మేము పూర్తిగా మెచ్చుకొనము. పరిహారము పురుషుల నడుమనే చేతులు మాఱును; ఆమెకును బిడ్డలకును దక్కున దేమియను ప్రశ్న అందు లేదు. కాని యిష్టములేని కాపురమున స్త్రీని కట్టివేయుటయు నందు లేదు.

మైదానపు నాగరకత అప్పుడెట్లుండెను? ఆ సంపుటములకు ఇరువదిరెండేండ్లు ముందు, 1887లో, బొంబాయి హైకోర్టు రుక్మాబాయిని భర్తయింటికి పొమ్మనియు, లేనిచో ఆఱునెలలు చెఱ ననుభవింపుమనియు శాసించెను. ఆమెకు పెండ్లియైనది పదునొకండేండ్ల ప్రాయమున! అనేక కులములలో పెద్దలయెదుట తెగతెంపులు చేసికొను వాడుక యుండినను, అగ్రవర్ణములమని చెప్పుకొను కుటుంబముల స్త్రీకి ఆ దారియు లేకుండెను. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రమున నుండగా 1949లో వచ్చిన చట్టము హిందువులకు విడాకుల హక్కు నిచ్చెను. దేశమంతటికిని 1955 నాటి హిందూ వివాహ చట్టము ఆ హక్కును వ్యాపింపజేసెను. పరస్పరాంగీకారముతో విడిపోవుటకు 1976 వఱకు వేచియుండవలసివచ్చెను. కొండవారిని అనాగరకులనువారు ఈ సంవత్సరములను లెక్కించుకొందురు గాక.

1955 చట్టము, కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, షెడ్యూలు తెగలకు వర్తింపదు. ఆచారమునే వారికి విడిచిపెట్టినది. ఇది గౌరవమే గాని ఇందొక చిక్కు గలదు. సంతాలు పురుషుని పెండ్లాడిన ఒరాఒను స్త్రీ యొకతె, తానుండగా భర్త మఱియొకతెను పెండ్లాడెననియు, అది తమ ఆచారమునకు విరుద్ధమనియు కోర్టు కెక్కెను. ఆ దంపతులకు 1955 చట్టము వర్తింపదనియు, చట్టబలముగల అట్టి యాచారమును ఆమె నిరూపింపలేదనియు 2001లో సుప్రీముకోర్టు ఆమె అపీలును త్రోసివైచెను. ఆచారము గలదని చెప్పినంతనే చాలదు. దానికి సాక్ష్యము కావలెను.

సీతంపేట స్త్రీకి వకీలు కావలసివచ్చుట ఇందుకే. ఆమె మఱల పెండ్లాడినపుడు మొదటి సంబంధము తెగెనా యని అడుగుదురు. మొదటిభర్త గతించినపుడు భూమిపట్టా యెవరిది, ఫించను ఎవరిది యని అడుగుదురు. తీర్పు చెప్పిన పెద్ద యప్పటికి జీవించి యుండకపోవచ్చును. కావున తీర్పునాడే తేదీయు, ఊరిపేరును, ఓలి యిచ్చినదెంత, తిరిగివచ్చినదెంత, బిడ్డలు ఎవరియొద్ద నుందురు అనునవియు కాగితముమీద నెక్కింపవలెను. సాక్షులచేత సంతకములో వ్రేలిముద్రలో వేయింపవలెను. దానిని ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపింపవలెను. గిడుగు రామమూర్తిపంతులుగారు సవరభాషకు వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చిరి. ఆ భాష యెఱిగిన దుబాసీని కోరుటకు ఆమె సంకోచింప నక్కఱలేదు. తన కేమియు వలదని వ్రాసిన కాగితముపై వకీలు చూడకమునుపు వ్రేలిముద్ర వేయరాదు.

వకీలు ఫీజునకు భయపడనక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీలకును, షెడ్యూలు తెగలవారికిని ఉచితముగా వకీలు నిచ్చుచున్నది. తన్ను తాను పోషించుకొనలేని భార్యయు, విడాకులైన పిమ్మట మఱల పెండ్లాడని స్త్రీయు, బిడ్డలును మనోవర్తి యడుగుటకు జాతిమతములతో పనిలేదు. పూర్వపు క్రిమినలు ప్రొసీజరు కోడులోని 125వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా నున్నది. భార్యాభర్తల కిరువురకు ఒకే వకీలు పనికిరాడు. అతనికి జరిగినది జరిగినట్లు, తనకు నష్టమగు సంగతులతో గూడ చెప్పవలెను. దాచినది కోర్టులో ఎదుటివాని నోట వెలువడును.

వకీలు వినునది వ్యవహారము. దుఃఖము వినువారు వేఱుగా నుండవలెను: తల్లియో, అక్కయో, నమ్మకమైన యిరుగుపొరుగో. ఈ రెండు పనులను ఒక్కనిపై మోపినవారు వాయిదా వాయిదాకు మనసు విఱిగి, కోపముతో సంతకములు చేయుదురు. బిడ్డలచేత తండ్రికి గాని తల్లికి గాని కబుర్లు మోయింపరాదు. బడిలో చదువు మందగించిన బిడ్డ వెనుక ఇట్టి మోతబరువును మాబోటి ఉపాధ్యాయులు పలుమాఱు చూచుచుందురు.

కొండపెద్దలకు దంపతుల నిరువురను పుట్టినది మొదలుగా తెలియును. కోర్టుకు వారు దస్తావేజులలోని పేర్లు మాత్రమే. కోర్టు తీర్పు నిలుచును; పెద్దల మాట వారితోనే పోవును. ఈ రెంటిని కలుపవలసినవాడు వకీలు. కొండస్త్రీ కూలి మానుకొని, బస్సుచార్జీ పెట్టుకొని అతనికొఱకు దిగివచ్చుటకంటె, ఉచిత న్యాయసేవ చేయు వకీలే సంతనాడు సీతంపేట కెక్కి, పెద్దల ప్రక్కన కూర్చుండి ఆ కాగితమును వ్రాయించుట న్యాయమని మా యభిప్రాయము.