పేగువ్యాధికి మజ్జిగజీవి

పాలు తోడుపెట్టు ప్రతి యిల్లాలును సూక్ష్మజీవులను సాకుచున్నదే. అట్టి జీవిచేత మందును చేయించుట యిటీవలి కథ.

మొదటి మహాసంగ్రామమున తోడివారెల్లరు అతిసారముతో పడియుండ నొక సైనికునికి మాత్రమది సోకలేదు. జర్మను వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నిస్లె 1917లో అతని మలమునుండి యొక సూక్ష్మజీవిని వేఱుచేసెను. రోత యనుకొందురేమో, రోగి యట్లనుకొనడు. అది నేటికిని మందుగా నమ్ముడగుచున్నది.

నిస్లె జీవి ప్రకృతి యిచ్చినది. బెల్జియములోని గెంటు నగర శాస్త్రజ్ఞులు జీవినే మార్చిరి. క్రోన్ వ్యాధియందు దేహమును కాపాడవలసిన బలమే పేగులపై తిరుగబడును. నొప్పి, విరేచనములు, కృశించుట కలుగును. ఆ బలమును శాంతింపజేయు ఇంటర్‌ల్యూకిన్-10 అను పదార్థపు జన్యువును, మజ్జిగలోను చీజులోను నుండు లాక్టోకాకస్ లాక్టిస్ అను జీవియందు చొప్పించిరి. ఎలుకలకు దానిని త్రాగింపగా పేగువాపు సగమునకు తగ్గెనని 2000లో ప్రకటించిరి.

ఆ జీవి మలముతో వెలువడి చెఱువులలో గలసిన నేమగును? మందుకంటె నీ ప్రశ్నయే ముఖ్యమని నాకు తోచును. వారును దాని నుపేక్షింపలేదు. థైమిడిన్ అను పోషకమును చేసికొనుటకు వలయు జన్యువును తీసివేసి, ఆ చోటనే మానవజన్యువును నిలిపిరి. థైమిడిన్ దొరకనిచో నది చచ్చును. పోయిన జన్యువును మఱల సంపాదించుకొన్నచో మానవజన్యువును కోలుపోవును. ఇది 2003 నాటి మాట.

2006లో ఆమ్‌స్టర్‌డాము వైద్యులు పదిమంది క్రోన్ రోగులకిచ్చిన ఫలితములు వెలువడెను. హాని కలుగలేదు, రోగతీవ్రత తగ్గినట్లు కనబడెను. కాని పోల్చుటకు వట్టి మందు పుచ్చుకొన్నవారు లేరు. తరువాత పెద్దపేగు పుండ్ల రోగులయందు అట్లు పోల్చి చూడగా మేలు రుజువు కాలేదు. పిమ్మట నిస్లె జీవిని మఱియొక వ్యాధికై మార్చినవారును దానికిట్టి కళ్లెమునే వేసిరి.