కంపు ఒకప్పుడు ఇంపే

ఇప్పుడు "స్టెంచ్" అనే మాట వింటేనే ముక్కు మూసుకుంటాం కానీ, వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండులో పువ్వుకి కూడా "స్టెంచ్" ఉండేది. పాత ఇంగ్లీషులో దాని అర్థం వట్టి వాసన, మంచిదైనా చెడ్డదైనా. దాని తోబుట్టువు "స్టింక్" సంగతీ అంతే.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. ఆ తర్వాత చాలా తరాలపాటు దర్బారులో ఫ్రెంచిదే పెత్తనం. "ఓడర్", "సెంట్" ఆ దారిన వచ్చినవే. "సెంట్" అసలు వేటకుక్కల మాట, పసిగట్టడం. (మన "పసి"కి కూడా వాసన అనే అర్థముంది.) స్పెల్లింగులో "సి" అక్షరం 17వ శతాబ్దంలో అకారణంగా వచ్చి చేరింది. స్పెల్లింగ్ బీ పిల్లలున్న ఇళ్ళవాళ్ళు తిట్టుకోవచ్చు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచినది పొగ. "పెర్‌ఫ్యూమ్" ఫ్రెంచి నుంచి 16వ శతాబ్దంలో వచ్చింది. అందులోని "ఫ్యూమ్" పొగే, మొదట్లో దానర్థం ధూపం. "రీక్" కూడా పాత ఇంగ్లీషులో పొగే. పొగచూరిన ఎడిన్‌బరోకి "ఆల్డ్ రీకీ" అని ముద్దుపేరు. ఫ్రెంచి పొగ అత్తరయింది, ఊళ్ళో పొగ దుర్గంధమయింది.

మనం నవ్వడానికి లేదు. పాత తెలుగులో కంపు మంచి వాసన కూడా. కన్నడంలో ఇప్పటికీ కంపంటే పరిమళమే. కన్నడ మిత్రులు మీ పెరటి మల్లెల కంపు మెచ్చుకుంటే కోపగించుకోకండి. మన దగ్గర సంస్కృతం నుంచి వచ్చిన పరిమళం, సౌరభం పైమెట్టు ఎక్కాయి, కంపు కిందికి జారింది. దానికి దండయాత్ర అక్కర్లేకపోయింది, పండితుల మన్నన చాలింది.

ఇది నాకు వట్టి పదవినోదం కాదు. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో, అద్దెకున్న అపార్ట్‌మెంటువాళ్ళు మా తలుపు కింద ఒక కాగితం తోశారు. మా వంట "ఓడర్స్" మీద ఫిర్యాదు. నేరం ఇంగువ పోపుది. వాళ్ళ ఆఫీసులో కాఫీ యంత్రం మీద మాత్రం "అరోమా" అని అందంగా రాసి ఉండేది. గ్రీకులో అరోమా అంటే సుగంధద్రవ్యం, మసాలా దినుసు. ఐరోపాకి కాఫీ చేరింది 16, 17 శతాబ్దాల్లో. అప్పటికి ఆ మాట వేల ఏళ్ళ పాతది. ఆ లెక్కన మా పోపులపెట్టెకే దాని మీద ముందు హక్కు.

జవాబులో నేను "ఓడర్స్" కొట్టేసి "అరోమా" అని రాసిచ్చాను. మా ఆవిడ వంటింటి కిటికీ తెరిచి పోపు పెట్టడం మొదలుపెట్టింది.