ఐదో కాంటూరు: కొల్లేటి అంచున గీసిన గీత

ఉత్తరాన జాతీయ రహదారికీ, దక్షిణాన కొల్లేటి సరస్సుకూ నడుమ పరుచుకొన్న పెదపాడు మండలపు నేల చూపుకు చదునుగానే కనిపిస్తుంది గాని, ఈ ప్రాంతంలో భూమి హక్కులనూ బతుకుతెరువులనూ కోర్టు వ్యాజ్యాలనూ గత అర్ధ శతాబ్దంగా నిర్ణయిస్తూ వచ్చింది ఆ చదునులో దాగి ఉన్న కొద్ది అడుగుల వాలే. వట్లూరు, కలపర్రు, అప్పనవీడు వంటి గ్రామాల మీదుగా దక్షిణానికి దిగే కొద్దీ పొలం చెరువుగా, చెరువు సరస్సుగా మారిపోతుంటే, ఎక్కడ పొలం ముగిసి ఎక్కడ కొల్లేరు మొదలవుతుందో కంటితో చెప్పడం కష్టం. ప్రభుత్వం దానిని లెవెలింగు పరికరంతో కొలిచి, ఒక గీత గీసి, ఆ గీతకు లోపలిది సరస్సు, వెలుపలిది భూమి అని శాసించింది. కొల్లేటి రక్షణ చరిత్ర చాలావరకు ఆ గీత చరిత్రే.

కృష్ణా, గోదావరి నదులు రెండు వైపులా మేట వేసి డెల్టాలను పెంచుతూ రాగా, వాటి మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. పడమటి నుంచి బుడమేరు, ఉత్తరం నుంచి తమ్మిలేరు, రామిలేరు వంటి వాగులు, వాటితోపాటు రెండు డెల్టాల మురుగు కాలువలు ఇందులోకి దిగుతాయి; బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలిసే ఈ ఏరు, పెద్ద వరదలలో సరస్సులోకి లక్షకు పైగా క్యూసెక్కుల నీరు వస్తుందని ఇంజనీర్లు లెక్కకట్టిన రోజులలో అందులో కొద్ది భాగాన్ని మాత్రమే సముద్రానికి చేర్చగలిగేది. కొల్లేటికోటలో కోట కట్టుకొన్న ఒడ్ర పాలకుల మీదికి వచ్చిన శత్రుసేన, సరస్సును ఎండగట్టడానికి ఉప్పుటేరు దారిని తవ్వించిందనీ, ఆ యుద్ధంలో ఒక సేనాని విజయం కోసం కన్నకూతురినే బలి ఇచ్చాడనీ స్థానిక ఐతిహ్యం చెబుతుంది. ఇందులో చరిత్ర పాలు ఎంతైనా కావచ్చు. కొల్లేటిని ఎండబెట్టాలన్న ఆలోచన ఈ నేల జ్ఞాపకంలో యుద్ధతంత్రంగా నిలిచిపోవడం గమనించదగినది.

సరస్సు లోపలి దిబ్బల మీద వెలసిన 46 లంక గ్రామాలను బెడ్ గ్రామాలనీ, ఒడ్డు చుట్టూ ఉన్న 76 గ్రామాలను బెల్టు గ్రామాలనీ అధికార పత్రాలు వ్యవహరిస్తాయి. లంకలలో ప్రధానంగా వడ్డీలు నివసిస్తారు. చేపల వేట వీరి కులవృత్తి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ వీరి ఇలవేల్పు. తాటి మొద్దును తొలిచి చేసిన దోనెలో నిలబడి గడతో తోసుకుంటూ వెళ్లి, వెదురు బద్దలతో అల్లిన మావులను నీటి వాలుకు అడ్డంగా పాతి, వాటిలో చిక్కిన చేపను మరునాటి ఉదయం తీసుకోవడం వీరి పాత పద్ధతి. మావు నీటిని ఆపదు. బద్దల సందుల గుండా ప్రవాహం సాగిపోతుంది, చేప మాత్రమే నిలుస్తుంది. వేసవిలో నీరు వెనక్కి తగ్గినపుడు బయటపడిన ఒండ్రు నేలలో వరి వేసుకొని, వానలు ముదిరి సరస్సు పొంగేలోగా కోసుకొనేవారు. నీటితో పాటే ముందుకూ వెనుకకూ జరిగే ఈ జీవనంలో స్థిరమైన హద్దుకు చోటే లేదు. మనుషులే కాదు, పక్షులూ ఈ నేలను ఆశ్రయించాయి: 1946లో పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలో కనుగొన్న గూడబాతుల స్థావరంలో దాదాపు 3,000 పక్షులు గూళ్లు కట్టుకొని ఉండేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం అంతరించింది.

ఆంగ్లేయుల కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, విజయవాడ ఆనకట్ట ఆ తరువాత మూడేళ్లకూ పూర్తయ్యాక, రెండు డెల్టాలలోనూ కాలువలు విస్తరించి, పొలాలకు ఎక్కిన నీరంతా మురుగుగా దిగడానికి ఒక చోటు అవసరమైంది. ఆ చోటు కొల్లేరే అయింది. అప్పటినుంచి చాలాకాలం పాటు పాలకుల దృష్టిలో ఈ సరస్సు ఒక మురుగు సమస్య. ఎంత నీరు వస్తుంది, ఎంత త్వరగా పోతుంది, పైనున్న వరిచేలు ఎన్ని రోజులు మునుగుతాయి అన్నవే వారి ప్రశ్నలు. 1960లలో ఎ.సి. మిత్రా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం పరిశీలించినదీ డెల్టాల ముంపునూ మురుగు పారుదలనూ గురించే. సరస్సును సరస్సుగా కాపాడాలన్న నియమం ఆనాటికి ఏ శాఖకూ లేదు.

ఆ లోటులోనే 1976 నాటి నిర్ణయం పుట్టింది. జలగం వెంగళరావు ప్రభుత్వం, వరదలకు పంటలు కోల్పోతూ వస్తున్న లంక గ్రామాల పేదలకు స్థిరమైన ఆదాయం కల్పించే ఉద్దేశంతో, మత్స్యకార సహకార సంఘాలకు సరస్సు గర్భంలోనే చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే అయినా, ఫలితం మరో దారి పట్టింది. శీలావతి, బొచ్చె రకాల చేపలకు కలకత్తా బజారులో గిరాకీ పెరిగి, ఆకివీడు, కైకలూరు పట్టణాలు చేపల వ్యాపార కేంద్రాలయ్యాక, సంఘాల చెరువులు పెట్టుబడిదారుల చేతికి లీజుకు పోసాగాయి. పేరు సంఘానిది, పెట్టుబడీ లాభమూ లీజుదారువి. సభ్యుడికి ఏటా చేతికందే కౌలు వాటా, ఒక్కోసారి అదే చెరువు గట్టు మీద కాపలా కూలీ. ప్రభుత్వం పేదలకు ఇచ్చే డి-ఫారం పట్టా భూములను అమ్మడాన్నీ లీజుకివ్వడాన్నీ 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం నిషేధించినా, నోటి మాట మీద సాగే ఒప్పందాలకు ఆ చట్టం అందలేదు.

చేపల చెరువు సరస్సుకు ఎందుకు చేటు చేస్తుందో తెలియాలంటే దాని నిర్మాణాన్ని చూడాలి. ప్రొక్లెయినుతో నేలను తవ్వి, ఆ మట్టినే చుట్టూ మనిషి ఎత్తుకు మించిన గట్టుగా పోస్తారు. గట్టు లోపలి నీరు బయటికి పోదు, బయటి వరద లోపలికి రాదు. అలాంటి చెరువులు ఒకదాని పక్కన ఒకటి వందల సంఖ్యలో లేచినపుడు సరస్సు నీరు పరుచుకొనే చోటును కోల్పోయి, గట్ల నడుమ మిగిలిన సందులలో ఎగదన్ని, పైనున్న పొలాలలోకి పోటెత్తుతుంది. తవుడు, చెక్క, కోళ్ల ఎరువు మేతగా పడిన నీటిని పట్టుబడి తరువాత కాలువలోకి వదిలితే, ఆ పోషకాలు గుర్రపుడెక్కకు బలమై, నీరు పారే దారులు మరింత మూసుకుపోతాయి. పెదపాడు వంటి ఒడ్డు మండలాలలో వరి రైతుకూ చెరువు యజమానికీ మధ్య పెరిగిన తగాదాలకు మూలం ఇదే: ఒకరి గట్టు మరొకరి ముంపు.

ఇక గీత సంగతి. సగటు సముద్ర మట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నింటినీ కలుపుతూ పటం మీద గీసే రేఖను కాంటూరు అంటారు. కొల్లేటి నీటిమట్టం 10 అడుగుల కాంటూరును తాకితే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు విస్తరిస్తుంది. 7 అడుగుల వద్ద 675, 5 అడుగుల వద్ద 308, 3 అడుగుల వద్ద 135 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. రెండడుగుల తేడాకు సగానికి పైగా సరస్సు పోతుందన్న ఈ లెక్కను అర్థం చేసుకొంటే, తరువాతి ముప్పై ఏళ్ల రాజకీయమంతా అంకెల చుట్టూ ఎందుకు తిరిగిందో బోధపడుతుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఒక ప్రాంతాన్ని అభయారణ్యం చేయాలంటే 18వ సెక్షన్ కింద ప్రభుత్వం మొదట ఉద్దేశాన్ని ప్రకటిస్తుంది. జిల్లా కలెక్టరు అక్కడివారి హక్కులను విచారించి పరిష్కరిస్తాడు. ఆ మీదట 26-ఏ సెక్షన్ కింద తుది ప్రకటన వెలువడుతుంది. కొల్లేటి విషయంలో తొలి ప్రకటన 1995లోనూ, 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా నిర్ణయించిన 120వ నంబరు జీవో 1999 అక్టోబరులోనూ వచ్చాయి. సంప్రదాయ వేటకూ సాగుకూ చోటిచ్చి, చేపల చెరువులను నిషేధించిన ఈ ఉత్తర్వులో పాత మావుల జీవనానికి గుర్తింపు దొరికిందన్నది నిజం. అయితే ఆ గీత లోపల సర్కారు భూమితో పాటు డి-ఫారం పట్టాలూ, జిరాయితీ భూములూ, అంటే వంశపారంపర్యంగా శిస్తు కట్టి అనుభవిస్తున్న సొంత భూములూ ఉన్నాయి. వాటి యజమానులకు పరిహారం, ప్రత్యామ్నాయం తేలకుండానే నిషేధం అమలుకు రావడం ఈ ఉత్తర్వులోని పెద్ద లోపం; ఇరవై ఐదేళ్లుగా ప్రతి వ్యాజ్యమూ ప్రతి ఆందోళనా తిరిగి తిరిగి అక్కడికే చేరుతున్నాయి.

2002 ఆగస్టు 19న కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో 1971లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక మేరకు, ప్రపంచ ప్రాముఖ్యం గల చిత్తడి నేలలను సభ్య దేశాలు ఈ జాబితాలో చేర్చి కాపాడతామని మాట ఇస్తాయి. జాబితాలో నమోదైన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 10 అడుగుల కాంటూరు దాకా. ఆ విధంగా ఒకే సరస్సుకు రెండు హద్దులు ఏర్పడ్డాయి: ప్రపంచానికి చెప్పిన హద్దు 901 చదరపు కిలోమీటర్లు, అభయారణ్య చట్టం అమలయ్యే హద్దు అందులో మూడో వంతు.

జీవో వచ్చిన తరువాత కూడా గీత లోపల చెరువుల తవ్వకం ఆగలేదు. పర్యావరణ వాదుల ఫిర్యాదులపై సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ పరిశీలించి చెరువులను తొలగించాలని సిఫారసు చేయగా, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల కలెక్టర్ల ఆధ్వర్యంలో వేలాది ఎకరాల చెరువుల గట్లను యంత్రాలతోనూ పేలుడు పదార్థాలతోనూ తెగ్గొట్టించింది. స్వతంత్ర భారతదేశంలో ఒక చిత్తడి నేలను తిరిగి రాబట్టడానికి ఇంత పెద్ద ఎత్తున జరిగిన ప్రయత్నాలు అరుదు. ఆటపాక వద్ద గూడబాతులు నేడు గూళ్లు కట్టుకొని సందర్శకులకు కనిపిస్తున్నాయి. కానీ గట్లు తెగిన రోజున నష్టపోయినవారిలో లీజుదారులతో పాటు సంఘ సభ్యులూ ఉన్నారు. ప్రభుత్వమే తవ్వించి ఇచ్చిన చెరువును ప్రభుత్వమే పగలగొట్టినపుడు ఆ సభ్యుడికి చెప్పవలసిన సమాధానం పూర్తిగా చెప్పలేదన్నది అంగీకరించక తప్పదు.

ఆ అసంతృప్తి 2008లో శాసనసభ తీర్మానంగా రూపం దాల్చింది: అభయారణ్యాన్ని 5 నుంచి 3 అడుగుల కాంటూరుకు కుదించాలని. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో జరిగిన సవరణ తరువాత అభయారణ్య హద్దులను మార్చడానికి జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు తప్పనిసరి. అభయారణ్యాల హోదాను తన అనుమతి లేకుండా తొలగించరాదని సుప్రీంకోర్టు 2000 నవంబరులోనే ఆదేశించి ఉంది. కేంద్రం నియమించిన నిపుణుల సంఘం, సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన పి.ఎ. అజీజ్ నేతృత్వంలో పరిశీలించి, కుదింపును తోసిపుచ్చింది. దరిమిలా ప్రభుత్వాలు మారినా మూడో కాంటూరు హామీ ఎన్నికల వేదికల మీద వినిపిస్తూనే వచ్చింది.

ఈ పోరంతా ఐదో కాంటూరు లోపలి భూమి గురించి జరుగుతుండగా, ఐదుకూ పదికీ మధ్య ఉన్న నేల నిశ్శబ్దంగా మారిపోయింది. బెల్టు గ్రామాల పొలాలలో పెక్కు ఈ పట్టీలోనివే. ఇక్కడ అభయారణ్య చట్టం వర్తించదు, అటవీ శాఖకు అధికారం లేదు. వరిపొలాన్ని చెరువుగా మార్చదలచిన రైతు దరఖాస్తు పెడితే, మురుగు కాలువకు అడ్డు వస్తుందా, పక్క చేను చౌడు బారుతుందా అన్నవి మండల స్థాయి కమిటీ చూసి పంపగా జిల్లా స్థాయి కమిటీ అనుమతిస్తుంది. ఇళ్ల స్థలాలకో పరిశ్రమకో మార్చాలంటే 2006 నాటి వ్యవసాయేతర భూమార్పిడి చట్టం కింద ఆర్డీవో అనుమతి పొందాలని నియమం ఉండేది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం, పంచాయతీల ఆధీనంలోని కుంటలూ పోరంబోకులూ, 2020లో ఏర్పడిన ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ, ఇవన్నీ అదే నేల మీద ఒకదానిపై ఒకటి పరుచుకొని ఉన్నాయి. వీటిలో ప్రతి నియమమూ ఒక సర్వే నంబరును విడిగా చూస్తుంది. ఒక చెరువు వల్ల కలిగే హాని స్వల్పమే కనుక అనుమతి రావడం సహజం. వెయ్యి చెరువుల హానిని కలిపి చూసే బాధ్యత మాత్రం వాటిలో దేనికీ స్పష్టంగా అప్పగించలేదు. కొల్లేటికి జరిగిన నష్టంలో ఆక్రమణదారుల పాలు ఎంత ఉందో, సక్రమంగా సంతకాలు పడిన అనుమతుల పాలు కూడా తక్కువేమీ కాదు.

కేంద్రం 2017 సెప్టెంబరు 26న ప్రకటించిన చిత్తడి నేలల పరిరక్షణ, నిర్వహణ నియమాలు ఈ లోటును కొంత పూడ్చగలవు. ఇవి రామ్‌సర్ ప్రదేశాలకు వర్తిస్తాయి కనుక పదో కాంటూరు దాకా పట్టు దొరుకుతుంది; ఆక్రమణలను, చిత్తడి నేలను ఇతర వినియోగాలకు మార్చడాన్ని, పరిశ్రమలు నెలకొల్పడాన్ని, శుద్ధి చేయని మురుగును వదలడాన్ని ఇవి నిషేధిస్తాయి. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు, మండవల్లి కూడా అందులో చేరడంతో, దీర్ఘకాలం రెండు జిల్లాల మధ్య చీలి ఉన్న సరస్సులో అధిక భాగం ఒకే కలెక్టరు పరిధిలోకి రావడం పాలనకు అనుకూలించిన మార్పు. అయితే నియమాలలోని ఒక వాక్యాన్ని ప్రత్యేకంగా చదవవలసి ఉంది. సగటు గరిష్ఠ వరద మట్టానికి 50 మీటర్ల లోపు శాశ్వత నిర్మాణాలను నిషేధిస్తూ, ఆ మట్టాన్ని నియమాలు అమలులోకి వచ్చిన తేదీ నుంచి గడచిన పదేళ్లకు లెక్కించాలని నియమం చెబుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడను ముంచెత్తి, ఆ నీరే కొల్లేటికి చేరి పెదఎడ్లగాడి వంతెన వద్ద ఉధృతంగా ప్రవహించి, లంక గ్రామాలకు దారులు మూసివేసింది. ఆ లెక్క 2017తోనే ఆగిపోతుంది కనుక, నియమాన్ని సవరించకపోతే ఆ వరద మట్టం అందులో చేరదు.