బండ్లబాటకు దారి చూపిన పుస్తకాలు

1840వ దశకంలో మిస్సోరీ నదీతీరం నుంచి ఓరెగాన్‌కో కాలిఫోర్నియాకో ఎడ్లబండి కట్టిన కుటుంబం సుమారు 2,000 మైళ్లు నడవాలి. నాలుగైదు నెలల ప్రయాణం. నీరు, గడ్డి, వంటచెరకు ఎక్కడ దొరుకుతాయో తెలియకపోతే ప్రాణాలకే ముప్పు. వలసదారుల మార్గదర్శకాలు పుట్టింది ఈ అవసరం కోసమే.

వాటిలో బాగా పేరుపడ్డది లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ 1845లో సిన్సినాటిలో అచ్చువేయించిన పుస్తకం. మనిషికి 200 పౌండ్ల పిండి, 150 పౌండ్ల పంది మాంసం, 10 పౌండ్ల కాఫీ కావాలని చెప్పిన భాగం పనికొచ్చేదే. కాలిఫోర్నియాకు జనాన్ని రప్పించాలన్న ఆత్రంలో మాత్రం ఆయన తాను అప్పటికి నడవని ఒక అడ్డదారిని, సాల్ట్ లేక్ మీదుగా వెళ్లేదాన్ని, సూచించాడు. 1846లో ఆ దారి పట్టిన డోనర్ బృందం కొండల్లో బాట కొట్టుకుంటూ, ఉప్పు ఎడారిలో ఎడ్లను పోగొట్టుకుంటూ ఆలస్యమై, సియెర్రా నెవాడా మంచులో చిక్కుకుంది. 87 మందిలో దాదాపు సగం మంది చనిపోయారు. చూడని దారిని రాయడం ఎంత ఘోరమో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

విలియం క్లేటన్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. 1847లో మార్మన్ మతస్థుల తొలి బృందంతో వెళ్తూ ఆయన బండిచక్రానికి ఎర్రగుడ్డ కట్టి, అది ఎన్ని చుట్లు తిరిగిందో రోజంతా లెక్కపెట్టాడు. 360 చుట్లయితే ఒక మైలు. తర్వాత ఆ లెక్క చూసేందుకు చెక్క పళ్లచక్రాల యంత్రాన్ని బండికి అమర్చారు. వారి విడిది అయిన వింటర్ క్వార్టర్స్ నుంచి సాల్ట్ లేక్ లోయకు 1,031 మైళ్లని తేల్చి, దారిలోని వాగులనూ విడిదులనూ దూరాలతో సహా 1848లో సెయింట్ లూయిస్‌లో ప్రచురించాడు. ఈ కోవలోని పుస్తకాలన్నింటిలో ఇదే నమ్మదగినది.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. మరుసటి ఏడాదికే గిరాకీ విపరీతంగా పెరిగి, జోసెఫ్ వేర్ వంటివారు ఇతరుల నివేదికలు కూర్చి పుస్తకాలు తెచ్చారు. సబ్లెట్ అనే మరో అడ్డదారిలోని నీరులేని మేరను వేర్ 35 మైళ్లన్నాడు. అసలు దూరం అంతకు మించినది. ఆయన కూడా అదే ఏడాది బయలుదేరి, దారిలోనే జబ్బుపడి మరణించాడు.

1859లో సైనికాధికారి రాండాల్ఫ్ మార్సీ రాసిన ‘ది ప్రెయిరీ ట్రావెలర్’ అమెరికా యుద్ధశాఖ అనుమతితో వెలువడింది. సరిహద్దు ప్రాంతాల్లో ఏళ్లతరబడి తిరిగిన అనుభవంతో బండి ఎంపిక, నది దాటడం, నీటి జాడ పట్టడం, విడిది కాపలా వంటివన్నీ ఆయన వివరించాడు.

ఈ పుస్తకాల్లో పెద్ద లోపం ఒకటుంది. మూలవాసులైన షోషోనీ, లకోటా, పానీ ప్రజల సొంత నేలను ఇవి ప్రధానంగా వలసదారుల బాటగానే చూశాయి. ఆ ప్రజలను ఎక్కువగా ప్రమాదం కిందే లెక్కగట్టాయి. నిజానికి బాటపై ఎక్కువమందిని చంపింది కలరా వంటి రోగాలు.

1869 మే 10న ఖండాంతర రైలుమార్గం పూర్తయింది. అదే ఏడాది రైలు ప్రయాణికుల కోసం క్రోఫట్ మార్గదర్శకం వెలువడింది.