గేమ్ కన్సోల్‌లో బాహ్య నిల్వ

కన్సోల్ లోపలి డిస్క్ నిండినప్పుడు ఆటలు దాచేందుకు యూఎస్‌బీ ద్వారా తగిలించే హార్డ్ డిస్క్ లేదా ఎస్‌ఎస్‌డీ. ఎక్స్‌బాక్స్ వన్‌కు ఈ వసతి 2014లో, ప్లేస్టేషన్ 4కు 2017లో వచ్చింది. ప్లేస్టేషన్ 4కు 250 జీబీ నుంచి 8 టీబీ వరకు ఉన్న యూఎస్‌బీ 3.0 డిస్క్ కావాలి. హబ్‌కు పెడితే పనిచేయదు, నేరుగా కన్సోల్‌కే పెట్టాలి. ముందుగా ఫార్మాట్ చేయక తప్పదు. అప్పటిదాకా అందులో ఉన్న పెళ్లి ఫొటోలు, వీడియోలు అన్నీ చెరిగిపోతాయి కాబట్టి వాటిని ముందే వేరేచోటికి మార్చుకోవాలి.

ప్లేస్టేషన్ 5లో కొత్త చిక్కు ఉంది. దాని లోపలి ఎస్‌ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. మామూలు హార్డ్ డిస్క్ 100-150 ఎంబీ దగ్గరే ఆగుతుంది. అందుకే పీఎస్5 ఆటలను యూఎస్‌బీ డిస్క్‌లో దాచవచ్చు గానీ అక్కడి నుంచి ఆడలేం. పీఎస్4 ఆటలు మాత్రం నడుస్తాయి. 2021 సెప్టెంబర్ నుంచి లోపల ఎం.2 ఎస్‌ఎస్‌డీ బిగించుకునే వీలుంది; స్తోమత ఉంటే అదే మేలు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ వలసలు ఎక్కువ. అలా వెళ్లినవారు దుబాయ్‌లో డౌన్‌లోడ్ చేసిన ఆటలను ఈ బాహ్య డిస్క్‌లోనే ఇంటికి తెచ్చుకోవచ్చు, మళ్లీ పదుల జీబీల డేటా ఖర్చు ఉండదు. అయితే ఆట కొన్న ఖాతాతోనే లాగిన్ కావాలి. పీఎస్4లో ఆట పురోగతి ఈ డిస్క్‌లోకి చేరదు. దాన్ని విడిగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.