పల్నాటి పాత బండ్లు: స్టీరింగ్ ఆయిల్ చరిత్ర

పల్నాటిలో మోటారు బండ్ల చరిత్ర రాతితోనూ నీటితోనూ ముడిపడి ఉంది. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరగడం, 1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారం ఏర్పడటం, పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు, దాచేపల్లి, నడికుడి పరిసరాల్లో సున్నపురాయి గనులు విస్తరించడం వల్ల ఈ ప్రాంతానికి బరువు మోసే బండ్ల అవసరం పెరిగింది. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత పత్తి, మిర్చి సాగు పెరిగి, గుంటూరు మార్కెట్టుకు సరుకు తోలే లారీలు రాయి మోసే లారీలకు తోడయ్యాయి. ఆనాటి బండ్లలో ఎక్కువ భాగం 1954లో జంషెడ్‌పూర్‌లో తయారీ మొదలైన టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు, వాటి తరువాతి తరాలు, అశోక్ లేలాండ్ బండ్లు, మహీంద్రా సంస్థ తయారుచేసిన విల్లీస్ జీపులు. వీటిలో స్టీరింగ్ తిప్పే శక్తి అంతా డ్రైవరు భుజాలదే.

అప్పటి స్టీరింగ్ బాక్సు పూర్తిగా యాంత్రికమైనది. చక్రం తిప్పితే లోపలి మర తిరిగి, దానితో కలిసిన పళ్ల భాగం డ్రాప్ ఆర్మ్ అనే ఇనుప చేతిని కదిలిస్తుంది. ఆ కదలిక రాడ్ల ద్వారా ముందు చక్రాలకు చేరుతుంది. ఆ బాక్సులో పోసేది గేర్ ఆయిల్, అంటే షెడ్లలో ‘నైంటీ ఆయిల్’ అని పిలిచే చిక్కటి నూనె. దాని పని ఇనుముకు ఇనుము రాసుకోకుండా కాపాడటమే తప్ప శక్తిని ఒకచోటి నుంచి మరొకచోటికి మోయడం కాదు. అందుచేత ఎంత చిక్కగా ఉంటే అంత మేలనీ, సీలు కారుతుంటే మరింత చిక్కటిది పోయాలనీ మెకానిక్కులు నమ్మడంలో తప్పు లేదు. ఆ యంత్రానికి ఆ జ్ఞానం సరిపోయింది. చిక్కు వచ్చింది యంత్రం మారినా జ్ఞానం మారనప్పుడు.

నూనె చేత స్టీరింగ్ తిప్పించాలన్న ఆలోచన అమెరికాలో కార్యరూపం దాల్చింది. పియర్స్ యారో సంస్థలో లారీల విభాగంలో పనిచేసిన ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926 నాటికే అలాంటి ఏర్పాటు అమర్చిన కారును నడిపి చూపించినా, మామూలు కొనుగోలుదారుకు అది చేరడానికి పాతికేళ్లు పట్టింది. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో అది అమ్మకానికి వచ్చింది. ఇంజను నుంచి బెల్టు ద్వారా తిరిగే పంపు నూనెను పీడనంతో పంపుతుంది. డ్రైవరు చక్రం తిప్పిన వైపును గుర్తించే వాల్వు ఆ నూనెను పిస్టనుకు ఒక పక్కకో రెండో పక్కకో మళ్లిస్తుంది. బరువంతా పిస్టను తోస్తుంది. ఇక్కడ నూనె కందెన మాత్రమే కాదు, పని చేసే భాగం కూడా.

ఆ పనికి ప్రత్యేకమైన నూనె తయారుచేయడానికి బదులు, చాలామంది తయారీదారులు ఆటోమేటిక్ గేర్‌బాక్సుల కోసం అప్పటికే దొరుకుతున్న పలుచటి నూనెను వాడమన్నారు. జనరల్ మోటార్స్ 1949లో ‘టైప్ ఎ’ పేరుతో ఆ నూనెకు ప్రమాణం నిర్ణయించి, 1957లో దాన్ని సవరించి, 1967లో ‘డెక్స్రాన్’ పేరుతో కొత్త ప్రమాణం తెచ్చింది. ఇంజను ఆయిల్ అని పొరబడకుండా, కారితే వెంటనే తెలిసేలా దానికి ఎర్ర రంగు కలిపారు. తొలి తరాల నూనెల్లో జారుడు గుణం కోసం స్పెర్మ్ తిమింగలం నూనె కూడా చేరేది. 1970ల్లో అమెరికా దాని వాడకాన్ని నిషేధించాక రసాయన శాస్త్రజ్ఞులు ప్రత్యామ్నాయాలు వెతకవలసి వచ్చింది. పాత బండికి ఏ ఆయిల్ సరైనదన్న ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది: ఒక యంత్రం కోసం పుట్టిన నూనె మరో యంత్రంలోకి అరువుగా వచ్చి, ఆ తరువాత తన మొదటి యంత్రం అవసరాలను బట్టే మారుతూ పోయింది.

భారతదేశంలో 1981లో పుణె వద్ద జెడ్.ఎఫ్. స్టీరింగ్ గేర్ సంస్థ ఏర్పడటంతోనూ, ఆ దశాబ్దంలోనే రాణే గ్రూపు టి.ఆర్.డబ్ల్యు. సంస్థ భాగస్వామ్యంతో ఈ రంగంలోకి రావడంతోనూ భారీ వాహనాలకు పవర్ స్టీరింగ్ అందుబాటులోకి వచ్చింది. 1994లో వచ్చిన టాటా సుమో, 2000లో క్వాలిస్, 2002లో స్కార్పియో వంటి బండ్లు కిరాయి వాహనాలుగానూ సొంత వాహనాలుగానూ చిన్న పట్టణాలకు చేరే కొద్దీ, నరసరావుపేట, మాచర్ల వంటి చోట్ల కూడా స్టీరింగ్ ఆయిల్ డబ్బా బానెట్ కింద మామూలు వస్తువైంది. ఇండియన్ ఆయిల్ సంస్థ 1972లో ప్రవేశపెట్టిన సర్వో శ్రేణిలోనూ, ఇతర కంపెనీల శ్రేణుల్లోనూ తగిన ఎర్ర ఆయిల్ ఉండేది గాని, అలవాటు మాత్రం నైంటీ ఆయిల్ కాలానిదే.

ఆ అలవాటు చేసే నష్టం అంకెల్లో చూస్తే స్పష్టమవుతుంది. నూనె చిక్కదనాన్ని సెంటీస్టోకులనే కొలతతో చెబుతారు. 100 డిగ్రీల వేడిలో ఎర్ర ఆయిల్ చిక్కదనం సుమారు 7 సెంటీస్టోకులైతే, నైంటీ ఆయిల్ కనీసం 13.5 ఉంటుంది. రెండింతలు చిక్కనైన నూనెను పంపు సరిగా లాగలేక, లోపల గాలి బుడగలు ఏర్పడి, పంపులోని రేకులు అరిగి, మూలుగు మొదలవుతుంది. బ్రేక్ ఆయిల్ పోస్తే జరిగే కీడు ఇంతకంటే పెద్దది. బ్రేక్ ఆయిల్ పెట్రోలియం నుంచి వచ్చిన నూనె కాదు, గ్లైకాల్ అనే రసాయనం. స్టీరింగ్‌లోని సీళ్లు నైట్రైల్ రబ్బరుతోనూ, బ్రేకుల్లోని సీళ్లు వేరే రబ్బరుతోనూ చేస్తారు గనుక, ఒకదానికి పడే ద్రవం రెండోదాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. పొరపాటున ఒక మూత నిండా పోసినా పూర్తిగా కడిగి తీయవలసిందే. ఈ విషయంలో సర్దుబాటుకు తావు లేదు.

విదేశీ పుస్తకాలు ఈ నూనెల గురించి చెప్పేటప్పుడు మంచు దేశాల ఉదయాలను, గడ్డకట్టే చలిలో పంపు కదలికను ఎక్కువగా తలుస్తాయి. పల్నాటికి ఆ బాధ లేదు. ప్రతి వేసవిలో రెంటచింతల పేరు వాతావరణ వార్తల్లోకి ఎక్కే ఈ నేలకు వేడే అసలు పరీక్ష. గనిలోని ఇరుకు బాటలో రాతి లోడుతో లారీని వెనక్కీ ముందుకీ మళ్లించే డ్రైవరు, బండి కదలకుండానే చక్రాలను చివరి వరకు తిప్పి అక్కడే పట్టి ఉంచుతాడు. అప్పుడు పంపు పంపిన నూనె వెళ్లే దారి లేక రిలీఫ్ వాల్వు గుండా తిరిగి తిరిగి వస్తూ, క్షణాల్లోనే కాగుతుంది. అప్పుడు పుట్టే కీచు చప్పుడు విన్న అనుభవజ్ఞుడు స్టీరింగును కాస్త వెనక్కి వదులుతాడు. ఇలా పదేపదే కాగిన నూనె నల్లబడి, మాడిన వాసన వేసి, సీళ్లను గట్టిపరుస్తుంది. దీనికి సున్నపు దుమ్ము తోడు. డబ్బా మూత చుట్టూ పేరుకున్న తెల్లటి పొడిని గుడ్డతో తుడవకుండా మూత తీస్తే, ఆ పొడి నూనెలో కలిసి వాల్వు అంచులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఈ ప్రాంతపు బండ్లకు ఏ ఆయిల్ పోశారన్నది ఎంత ముఖ్యమో, ఎంత శుభ్రంగా పోశారన్నదీ అంతే ముఖ్యమని చెప్పక తప్పదు.

పాత బండి విషయంలో ఇప్పుడు మరో చిక్కు చేరింది. సుమో నాటి బండ్ల యజమాని పుస్తకాల్లో డెక్స్రాన్ 2 అని రాసి ఉన్నా, ఆ ప్రమాణం ఎప్పుడో ఆగిపోయింది. డెక్స్రాన్ 3కి అనుమతులివ్వడం కూడా జనరల్ మోటార్స్ 2006తో ముగించింది గనుక, నేడు ఆ పేరుతో అమ్మే డబ్బాకు పూచీ ఆ నూనె తయారుచేసిన కంపెనీదే తప్ప జనరల్ మోటార్స్‌ది కాదు. తరువాత వచ్చిన డెక్స్రాన్ 6 మరింత పలుచన. 100 డిగ్రీల వద్ద దాని గరిష్ఠ పరిమితి 6.4 సెంటీస్టోకులు. కొత్త సీళ్ల మధ్య అది చక్కగా పనిచేసినా, పాతికేళ్లు అరిగిన పంపులో, గట్టిపడిన సీళ్ల వద్ద పలుచటి నూనె తేలికగా కారుతుంది. పేరున్న కంపెనీ తయారుచేసి, డెక్స్రాన్ 2 లేదా 3 స్థాయికి సరిపోతుందని స్పష్టంగా ముద్రించిన ఎర్ర ఆయిల్ ఇలాంటి బండికి ఎక్కువ క్షేమం. అయితే రంగును మాత్రమే నమ్మరాదు. కొన్ని ఐరోపా కార్లకు ఆకుపచ్చ రంగు నూనె, కొన్ని జపాను కార్లకు వాటి సొంత నూనె నిర్దేశించారు. బండిలోని ఆయిల్ డబ్బా మూత మీదో యజమాని పుస్తకంలోనో రాసి ఉన్న మాటే ప్రమాణం.

ఏ నూనె పోశారో తెలియని బండి చేతికి వస్తే, పైన కొద్దిగా కలపడం కంటే ఉన్నదంతా తీసేయడం మేలు. ముందు చక్రాలను జాకీ మీద లేపి, రిటర్ను పైపు విప్పి పాతది దించి, ఇంజను ఆపి ఉంచి స్టీరింగును నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ కొత్త ఆయిల్ పోస్తూ పోవాలి. పైపును తిరిగి బిగించాక, డబ్బాలో బుడగలు ఆగి, నూనె తేటపడిన తరువాతే ఇంజను స్టార్ట్ చేయాలి. కొత్త కార్లలో విద్యుత్ మోటారుతో నడిచే స్టీరింగ్ రావడంతో వాటికి ఈ డబ్బా అవసరమే పోయింది. పిడుగురాళ్ల మీదుగా అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపై బరువులు మోసే లారీలకు మాత్రం స్టీరింగ్ బరువును నేటికీ ఎక్కువగా ఆ నూనే మోస్తున్నది.