వలయంలో కుర్చీలు

మన సాహిత్య సభల్లో అసలు చర్చ వేదిక మీద కాదు, టీ కొట్టు దగ్గరే జరుగుతుందని నేనూ చాలాసార్లు విసుక్కున్నాను. హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ విసుగుతో ఆగలేదు. 1983లో ఏడాది శ్రమపడి 250 మందితో సదస్సు జరిపితే, అందరూ మెచ్చినవి కాఫీ విరామాలేనని తేలింది. 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో 85 మందిని వలయంగా కూర్చోబెట్టాడు. ముందే వేసిన కార్యక్రమం లేదు. ఎవరికి పట్టిన విషయాన్ని వాళ్ళే కాగితం మీద రాసి గోడకు అంటించారు. ఆసక్తి ఉన్నవాళ్ళు అక్కడ చేరారు. లాభం లేదనిపిస్తే లేచిపోవచ్చు. దీన్నే 'రెండు కాళ్ళ సూత్రం' అన్నారు.

ఈ 'ఓపెన్ స్పేస్' పద్ధతికి ప్రేరణ లైబీరియాలోని బాలమా అనే పల్లె. అక్కడ నాలుగు రోజుల ఉత్సవం నిర్వాహక సంఘమే లేకుండా సాగడం ఓవెన్ చూశాడు. ఆఫ్రికా పల్లెలో చూసింది చివరకు కంపెనీ యాజమాన్యాలకు పనిముట్టయింది!

నా పేచీ ఇక్కడే. వలయంలో అందరూ సమానులే. ప్రధాన ప్రశ్న మాత్రం సభకు పిలిచినవారిది. జీతమిచ్చేవాడి ఎదుట గుమాస్తా కాళ్ళు ఎంత దూరం నడుస్తాయి?

నెల్లూరు జిల్లా దూబగుంటలో కుర్చీల ప్రసక్తే లేదు. అక్షరాస్యతా తరగతుల్లో స్త్రీలు సీతమ్మ కథ చదివారు. వాచకం సర్కారుదే, సారా వేలంపాటా సర్కారుదే. ఊళ్ళో సారా ఎందుకుండాలన్న ప్రశ్న మాత్రం ఆ స్త్రీలది. 1992లో ఆ పోరు జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు.